బీదలతోట పన్నెండో పేరు

పదకొండున్నరకి వస్తామన్నారు. త్రినాధరావు మాస్టారు పదిన్నరకే వచ్చి బీదలతోట వరండాలో, పెచ్చులూడిన స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నారు. గంట కొట్టకముందే బడిలో ఉండాలన్న అలవాటు, ఉద్యోగం ముగిసినా అలవాటు పోలేదు, పైగా ఇంట్లో ఉండి చేసేదేముంది, భార్య లోవలక్ష్మి పోయి ఏడు నెలలైంది, ఏ గదిలోకి వెళ్ళినా ఎందుకొచ్చారో గుర్తుండటం లేదు, వంటగదిలో నిలబడి అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని పొయ్యి వెలిగించాలా ఆర్పాలా అని ఆలోచిస్తున్నారు. ఇక్కడైతే ఎందుకొచ్చారో తెలుసు. ఒళ్ళో అట్ట ఫైలుంది, ఫైల్లో ఒకే కాగితం, కాగితం మీద పన్నెండు గీతలు, ఏడు గీతల మీద పేర్లున్నాయి, అయిదు ఖాళీ. కిందటి నెల పురావస్తు శాఖ నుంచి వచ్చిన రాజశ్రీ గారు ఈ పన్నెండు గదులూ తిరిగి, పగిలిన పెంకులకేసి చూసి, గోడ మందం చేత్తో కొలిచి, "గోడలు పాతవైనంత మాత్రాన నిలబడవు సార్, ఇవి ఎవరి గోడలో చెప్పాలి" అన్నారు. తాలూకా బోర్డు నాటి పుస్తకాలు హుద్‌హుద్ తుఫానులో ముద్దయిపోయాయి. ఇక మిగిలింది ఊరివాళ్ళ నోటిమాట. ఆ నోటిమాటని కాగితం మీద పెట్టి, సాక్షుల ముందు చదివి, సంతకాలు చేస్తే ఆవిడ పై వాళ్ళకి రాస్తారు. లేకపోతే ఫిబ్రవరిలో యంత్రం వస్తుంది, ఇక్కడ ఊరికి కల్యాణ మండపం లేస్తుంది.

చెరుకు కోతల కాలం. పక్క పొలంలో బెల్లం పెనం కింద చెరుకు పిప్పి మండుతోంది, పొగ వరండా మీదుగా తాపీగా పోతోంది, పాకం వాసన. ఈ వాసనలోనే లోవలక్ష్మి పుట్టింది, ఆ కనిపించే గట్టు అవతలిదే వాళ్ళ నాన్న పొలం, ఇప్పుడు ఎవరిదో. పెళ్ళైన కొత్తలో ఆమె ఈ తోట కథ చెప్పింది, ఆయన వింటూ నవ్వారు, ఆమె ఆయన నవ్వుని మెచ్చుకోలనుకుని ఇంకా చెప్పింది. తెల్లదొరల కాలంలో దిక్కులేనివాళ్ళందర్నీ తెచ్చి ఇక్కడ పెట్టేవారట, కరువులో ఊళ్ళొదిలేసినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు, ఎవరూ అడగని ముసలివాళ్ళు. చేతనైనవాళ్ళు చెరుకులో కలుపు తీయాలి, చేతకానివాళ్ళు నూకలు చెరగాలి, పొద్దున్నా సాయంత్రం గంజి. గంజి ఊరికే పొయ్యరు, తోటమాలి గరిటె పట్టుకుని ఒక్కొక్కళ్ళ పేరూ పిలుస్తాడు, పిలిస్తేనే లేచి వెళ్ళాలి. కలరా వచ్చిన ఏడాది ఒక్క నెలలో పన్నెండుమంది పోయారు. కర్మ చేసేవాళ్ళు లేరు, చెరుకు గట్టున పూడ్చారు. ఆ ఏడు చుట్టుపక్కల పన్నెండు ఇళ్ళవాళ్ళు పెనం వేస్తే ఒక్కళ్ళ బెల్లమూ గట్టిపడలేదు, అచ్చుల్లో పోస్తే బురదలాగ జారిపోయింది. పోయినవాళ్ళు చలికి పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడుతున్నారు, పాకం కలిపేవాడి వెనక నుంచి చెయ్యి పెడుతున్నారు అని తోటమాలి చెప్పాడట. వాళ్ళకి కావలసింది బెల్లం కాదు బాబూ, పిలుపు. పిలిస్తేనే కదా వాళ్ళు గంజికి లేచేది. అప్పుడు ఇంటికొక పేరు పంచుకున్నారు. ఏటేటా మొదటి పెనం దించగానే ఆ ఇంటి ఆడమనిషి వేడి బెల్లం ముద్ద తెచ్చి ఈ వరండాలో పెట్టి, తన వంతు పేరు మూడుసార్లు పిలిచి, వెనక్కి చూడకుండా పోవాలి. ఒక ఇంటి పేరు ఇంకో ఇంటికి చెప్పకూడదు. ఒకే మనిషిని ఇద్దరు పిలిస్తే ఎటు పోవాలో తెలీక అక్కడే తిరుగుతుందట. తల్లి నుంచి కోడలికో కూతురికో, చెవిలో. లోవలక్ష్మికి అన్నదమ్ములు లేరు కాబట్టి వాళ్ళ అమ్మ తనకే చెప్పింది. "నాకూ ఒక మనిషుంది తెలుసా" అంది ఆ రోజు, చంటిబిడ్డ ఉన్నట్టు. మిట్టమధ్యాహ్నం ఈ గదుల్లో చేట చప్పుడు వినిపిస్తుందంది, నూకలు చెరుగుతున్నట్టు. ఆయన "ఎలకలు" అన్నారు.

ఎలకలే. ఇప్పుడు కూడా వినిపిస్తోంది ఏదో, మూడో గదిలో, పావురాలు. ఆయన చెప్పినవన్నీ నిజాలే, అక్కడే వచ్చింది చిక్కు. తొంభై ఆరులో తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుని సరిగ్గా ఆ గట్టు పక్కనే పెనం వేయించారు. ఉష్ణమాపకం, సున్నం, రసంలో ఆమ్లమెంతో చూసే కాగితం, అన్నీ బడి నుంచి మోయించారు. ముదిరిపోయిన చెరుకూ ఉప్పు నేలా అయితే బెల్లం ఎందుకు జారుతుందో చెప్పారు, ఎంత వేడి దగ్గర దించాలో చూపించారు. ఎవరి పేరూ పిలవలేదు. బెల్లం రాయిలా దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆయనకి ఆ చప్పట్లు ఇన్నేళ్ళూ బాగానే వినిపించాయి, బదిలీ మీద గొలుగొండ వెళ్ళినప్పుడూ, మళ్ళీ వచ్చినప్పుడూ, ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పినప్పుడూ. ఆ రోజు తెడ్డు పట్టి పాకం కలిపిన పిల్లవాడు నానాజీ. ఇప్పుడు ఊరి పెద్ద. మోటారుసైకిలు చప్పుడు వినగానే అతనే అని తెలిసింది, సైలెన్సరు బాగుచేయించుకోడు.

నానాజీ బండి స్టాండు వేసి, చెప్పులు విప్పకుండానే మెట్టెక్కి, నవ్వాడు.

"ఏటి మేస్టారూ, పొద్దున్నే దెయ్యాలకి కాపలా కూకున్నారు?"

"రారా. కూర్చో."

"కూకోడానికి రానేదండి. ఆపీసరమ్మ ఎదర మా మాట కూడా సెప్పాల కదేటి. మేస్టారూ, ఒక్క మాటడుగుతాను, కోపం తెచ్చుకోకండి. దెయ్యాల్లేవని మా సెవులు పిండి మరీ సెప్పినోరు మీరే. ఇప్పుడు మీరే దెయ్యాల పేర్లు రాసుకుని సంతకాలెట్టమంటే, మేం నవ్వాలా ఏడవాలా?"

"దెయ్యాల పేర్లు కాదురా. మనుషుల పేర్లు."

"ఆ ముక్క ఆవేళ సెప్పుంటే బాగుణ్ణు" అన్నాడు నానాజీ. ఎత్తిపొడుపుగా కూడా అనలేదు. పొగ వచ్చే వైపు చూస్తూ అన్నాడు. "మా మామ్మ పోయేముందర మా అమ్మకి సెప్పబోతే నేనే ఒద్దన్నాను. మేస్టారు రుజువు సేసేరు, ఇంకా ఏటే మామ్మా ఈ పిచ్చి అని. మా ఇంటి పేరు అలా పోనాది. పోతే మాకేటి నట్టం రానేదు లెండి. బెల్లం బాగానే దిగింది. కానండీ, మొన్న మా ఈదిలో పెళ్ళైతే రోడ్డు మీద టెంటేసేం, వానొచ్చింది, పెళ్ళికూతురి నెత్తి మీద బరకం పట్టుకుని తాళి కట్టించేం. సచ్చినోళ్ళకి పన్నెండు గదులు, బతికినోళ్ళకి టెంటు. ఇదేం నాయమండి?"

న్యాయం కాదు, నిజమే. ఆ పెళ్ళికి ఆయనా వెళ్ళారు, తడిసిన అక్షింతలు చేతికి అంటుకుపోయాయి. లోవలక్ష్మి ఉంటే బరకం ఒక కొస పట్టుకుని ఉండేది. నానాజీ ఫోను మోగితే మెట్లు దిగి చెరుకు వైపు నడుస్తూ మాట్లాడుతున్నాడు. ఆ ముక్క ఆవేళ చెప్పుంటే. దెయ్యం ఏం చేస్తుందో, ఏం చేయలేదో అన్నీ చెప్పారు, ఆ దెయ్యం ఎవరు అని ఒక్క పిల్లాడి చేతా అడిగించలేదు. సైన్సు మాస్టారికి ఆ ప్రశ్న సిలబసులో లేదు. భయం ఉన్నన్నాళ్ళూ ఈ ఇంటి ఇటుక ఒక్కటి ఎవరూ ముట్టుకోలేదు, భయం పోయిన ఏడాదే తలుపులు పోయాయి, తర్వాత కిటికీ చువ్వలు, తర్వాత దూలాలు. నాలుగు ఇళ్ళు పిలుపు మానేశాయి. ఈ నెల్లాళ్ళలో ఆ నాలుగు ఇళ్ళకీ వెళ్ళారు, కుర్చీ వేసి టీ ఇచ్చి, "మీరు సెప్పేరనే కదండీ మానేసేం, మరిసిపోయేం" అన్నారు, ఎవరూ నిష్ఠూరంగా అనలేదు, మంచి మార్కులొచ్చిన పిల్లలు మాస్టారికి చూపించినట్టు అన్నారు. తక్కిన ఏడు ఇళ్ళలో ముసలమ్మలు చాటుగా పిలుస్తూనే ఉన్నారు. ఆ చాటుపేరు ఆయనకి చెప్పడానికి వాళ్ళు ఎంత కష్టపడ్డారో. ఒకామె తలుపు మూసొచ్చి చెప్పింది. ఒకామె చెప్పి, లెంపలేసుకుంది. బంగారు సన్నాసి. గవిరమ్మ. నూకాలు. కొండ పైడయ్య. చెప్తే ఆ మనిషి దారి తప్పుతుందేమోనన్న భయంతోనే చెప్పారు, చెప్పకపోతే ఇల్లే ఉండదని. నమ్మనివాడు ఏం ఇచ్చినట్టు? నమ్మేవాళ్ళు ఇచ్చారు.

పన్నెండోది ఆయన ఇంటిది.

ఆ ఎలకల మాట తర్వాత ఆమె కథలు చెప్పడం మానేసింది కానీ పిలుపు మానలేదని ఆయనకి చాలా ఏళ్ళు తెలీదు. ఏటా డిసెంబరులో ఒక రోజు పుట్టింటికి వెళ్ళొస్తానని వెళ్ళేది, సాయంత్రానికి వచ్చేది, చీరకి పొగ వాసన. ఇరవయ్యేళ్ళ కిందట చిల్లర కోసం ఆమె చేతిసంచీలో చెయ్యి పెడితే చుట్ట దొరికింది. చుట్ట. ఆయనకి ఏ అలవాటూ లేదు, ఆమెకి అంతకన్నా లేదు. అడిగితే మొదట నవ్వింది, తర్వాత తల వంచుకుని, "ఆవిడకండి. ఆవిడ అడ్డపొగ పీల్చేదట, అంటించిన కొస నోట్లో పెట్టుకుని. మా అమ్మ కూడా బెల్లంతో పాటు చుట్ట పెట్టేది" అంది. ఆవిడ ఎవరని అడగొచ్చు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని చెరుకులో కలుపు తీసే ఆడమనిషి, ఎక్కడిదో, ఎందుకొచ్చిందో, కోపిష్టిదా, నవ్వేదా. ఆయన అన్నది ఇంకోటి. "ఊరందరికీ నేను పాఠం చెప్తుంటే నా ఇంట్లోనే ఇదా, రేపు పిల్లలకి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను." గట్టిగా కూడా అనలేదు, ఆయన ఎప్పుడూ గట్టిగా అనరు, తరగతిలో కూడా మాట తగ్గించే భయపెట్టేవారు. ఆమె చుట్ట తీసుకుని దొడ్లోకి వెళ్ళింది. మరుసటి ఏడు డిసెంబరులో పుట్టింటికి వెళ్ళలేదు. ఆ మరుసటి ఏడూ. ఆయన గమనించారు, మంచిదే అనుకున్నారు, నెగ్గినట్టు. నెగ్గినవాడు పక్కన పడుకున్న మనిషి ఏం పోగొట్టుకుందో చూడడు. ఆ తర్వాత డిసెంబరు నెలల్లో ఆమెకి తలనొప్పి వచ్చేది, మాత్ర తెచ్చి ఇచ్చేవారు.

"అల్లుడు బాబూ."

అప్పలనర్సమ్మ వచ్చింది, చేతికర్ర ముందు మెట్టు మీద పెట్టి, తర్వాత కాలు పెట్టి. లోవలక్ష్మి వాళ్ళ పొలం పక్క పొలం ఆమెది, ఎనభై దాటింది, ఊరల్లుడని ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. గవిరమ్మ ఆమె పేరే, అంటే ఆమె పిలిచే మనిషి పేరు. లేచి చెయ్యి అందిస్తే వద్దంది.

"ఎక్కగలను. నీకన్నా గట్టి పిండాన్ని. ఆ నానిగాడు కూడా వచ్చేడేటి? ఆడి మొకం మండ. ఆళ్ళ మామ్మ బతికుంటే ఆడ్ని సీపురుతో కొట్టేది."

"వాడి బాధ వాడిది అత్తా."

"ఉంటాది. అందరికీ ఉంటాది." ఆమె పక్కనే చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన ఒళ్ళో కాగితం వైపు చూసింది. చదువు రాదు, ఖాళీ తెలుసు. "లోవది దొరికిందేటి?"

"లేదు అత్తా. నీకు తెలిసుండదా? ఒకే గట్టు కదా. ఎప్పుడైనా వాళ్ళమ్మ పిలుస్తుంటే, గాలికైనా—"

"సెవులు మూసుకునీదాన్ని బాబూ. ఇనకూడదు కదా." తర్వాత గొంతు తగ్గించి, దయగా, "ఏదో ఒక పేరెట్టీ. సోములమ్మో, అప్పాయమ్మో. అప్పట్లో ఇంటికో అప్పాయమ్మ. ఎవలికి తెలుస్తాది? ఆపీసరమ్మకి తెలుస్తాదేటి? ఇల్లు నిలబడ్డం కావాల కానీ."

తెలియదు. ఎవరికీ తెలియదు, నిజమే. ఈ నెల్లాళ్ళూ ఆయన చేస్తున్నది కూడా అదే, స్నానం చేస్తూ, కూర తరుగుతూ, ఒక్కో పేరు పైకి అని చూడటం, అప్పాయమ్మ, మంగమ్మ, సత్యమ్మ, చినతల్లి, పోలమ్మ, ఏదైనా గుండెకి తగులుతుందేమోనని, ముప్పైతొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె నిద్రలోనైనా ఒకసారి అని ఉండదా అని. ఏ పేరూ తగల్లేదు, అన్ని పేర్లూ తగిలాయి. పోలమ్మ అన్న రోజు రెండు పూటలు అదేననిపించింది. మూడో పూటకి అది తన దూరపు పిన్ని పేరని గుర్తొచ్చింది. ఒక అబద్ధం పెడితే ఏడు నిజాలూ అబద్ధమవుతాయన్నది ఒకటి, అది న్యాయం మాట. అసలు మాట వేరే. ఏదో పేరు పెడితే ఆ మనిషి ఇంక ఎప్పటికీ దొరకదు, ఖాళీ కూడా ఉండదు. లోవలక్ష్మి మోసిన మనిషి స్థానంలో ఇంకెవరో కూర్చుంటారు, ఆ కూర్చోబెట్టింది తనే అవుతారు, మళ్ళీ.

మళ్ళీ. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆసుపత్రి వస్తుంది, రాకుండా చేయడానికి లేచి నడవాలి, ఇక్కడ నడవడానికి లేదు, అత్త పక్కన కూర్చునుంది. విశాఖలో ఆసుపత్రి, మూడో అంతస్తు, మధ్యాహ్నం మూడు, కిటికీ తెర సగం మూసి ఉంది, పక్క మంచం వాళ్ళ అమ్మాయి బత్తాయి ఒలుస్తోంది, ఆ వాసన. లోవలక్ష్మి నిద్ర లేచి కాసేపు ఆయన మొహం చూసి, పుట్టింటి యాసలో, ఆమె పెద్దగా వాడదు ఆయన ముందు, "ఏటండీ, ఆ పేరు మీకు సెప్పీనా? నేను పోతే ఇంకెవలికీ తెలీదు" అంది. ఏ పేరని ఆయన అడగలేదు. ఏ పేరో వెంటనే తెలిసింది. ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా వెంటనే తెలిసింది, అంటే ఇరవయ్యేళ్ళూ అది ఇద్దరి మధ్యా ఉంది. కానీ ఆయన విన్నది పేరు అన్న మాట కాదు, పోతే అన్న మాట. వింటే ఆమె పోవడానికి ఒప్పుకున్నట్టు. సంతకం చేసినట్టు. అందుకని దుప్పటి సర్ది, "ఇప్పుడవన్నీ ఎందుకు, ఇంటికొచ్చాక చెప్దువుగాని" అన్నారు. అంత మెత్తగా అన్నారు. ఆమె "సరే" అంది. అంతే. బతిమాలలేదు, ఆమెకి బతిమాలే అలవాటు ఎప్పుడు పోయిందో ఆయనకి తెలుసు. గోడ వైపు తిరిగింది. మర్నాడు పొద్దున్న ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేశారు, ఆ గొట్టంతో నాలుగు రోజులుంది, కళ్ళు తెరిచేది, పెదాలు కదిలేవి. ఆయన దగ్గరికి వంగేవారు, ప్రతిసారీ వంగేవారు. అప్పుడు వంగేవారు.

జీపు వచ్చింది. రాజశ్రీ గారు దిగి, కళ్ళజోడు తుడుచుకుంటూ, కుర్చీ తెస్తామంటే వద్దని వరండా అంచునే కూర్చుని, ఒళ్ళో ప్యాడ్ పెట్టుకున్నారు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మాట త్వరగా ఉంటుంది, వినడం నెమ్మదిగా. సాక్షులు ఒక్కొక్కళ్ళూ చేరారు, ముసలమ్మలు మెట్ల మీద, మగవాళ్ళు ఎండలో. ఏ ఇంటి మాట ఆ ఇంటివాళ్ళే చెప్పాలన్నారు ఆవిడ. అప్పలనర్సమ్మ మొదట చెప్పింది, చెప్పడం కాదు, పిలిచింది, మూడుసార్లు, ఇంతమంది ఎదుట ఎప్పుడూ పిలవని పేరు. ఒకటి నుంచి ఏడు దాకా అలా నడిచింది. ఎనిమిదో ఇల్లు నానాజీది. అతను కల్యాణ మండపం మాట ముందే చెప్పేశాడు, ఆవిడ రాసుకున్నారు కూడా. పేరు అడిగేసరికి చెప్పుల వైపు చూసి, "మా మామ్మ సెప్పబోతే ఒద్దన్నాం మేడం. పోనాది" అన్నాడు. తొమ్మిది, పది, పదకొండు, మరిచిపోయాం, మరిచిపోయాం, అమ్మకి తెలిసేది. ఆవిడ "తెలియదు" అని నాలుగుసార్లు రాశారు.

"పన్నెండోది సార్?"

"మా ఆవిడ పుట్టింటివాళ్ళది."

"ఆవిడ—"

"లేదమ్మా. మే నెలలో."

"పేరు మీకు తెలుసా?"

అప్పలనర్సమ్మ ఆయన వైపు చూడలేదు, కావాలనే చూడలేదు, కర్ర కొసతో నేల గీస్తోంది. అప్పాయమ్మ నాలుక మీదే ఉంది. నాలుగక్షరాలు, ఎవరికీ నష్టం లేదు.

"తెలియదని రాసుకోనా?"

"వద్దు" అన్నారు మాస్టారు. "తెలియకపోవడం కాదు. తెలిసిన మనిషి నా ఎదుటే ఉండేది. చెప్తానంది. నేను వినలేదు. అలా రాయండి."

"సార్, ఇది పైకి వెళ్ళే కాగితం. అలా రాస్తే అడుగుతారు, ఈ పెద్దమనిషి ఎందుకు వినలేదు, వినని మనిషి మాట మీద తక్కినవి ఎలా నమ్మాలి అని."

"అడగనివ్వండి. తక్కిన ఏడూ వీళ్ళవి, నావి కావు. వీళ్ళు విన్నారు."

ఎండలో నానాజీ తల ఎత్తాడు. రాజశ్రీ గారు కాసేపు కాగితం చూసి, ప్యాడ్ ఆయన వైపు తిప్పి, పెన్ను ఇచ్చారు. "మీరే రాయండి సార్. రాసింది పైకి చదవాలి, సాక్షులు వినాలి."

ఆయన రాశారు. బోర్డు మీద రాసినట్టే, ఒత్తులు తప్పకుండా. రాయడం అయ్యాక కళ్ళజోడు సరిచేసుకున్నారు, చేతిలో కాగితం కొంచెం దూరంగా పెట్టుకున్నారు, వెనక ఎండలో నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించేటట్టు చదివారు.

"పన్నెండు. ఒక ఆడమనిషి. పేరు ఉండేది. లోవలక్ష్మికి తెలుసు. ఆమె చెప్తానంటే, భర్త త్రినాధరావు వినలేదు."